'అదే' అనేదాకా

టీచరు ప్రార్థన మానేసిన సంగతి నూట ముప్పై ఎనిమిది మందికి ఒకేసారి తెలిసింది. గురువారం ఉదయం, ఎనిమిదింబావుకి.

మేస్త్రికి మాత్రం ముప్పావుగంట ఆలస్యంగా తెలిసింది. ఆ సమయంలో అతని రెండు చేతులూ మణికట్ల దాకా ప్లాస్టరులో ఉన్నాయి.

అతను పళ్ళ సెట్లు చేస్తాడు. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టరు పోసి దవడ తీయడం, దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టడం, పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టడం. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. "ఇళ్ళు కట్టే మేస్త్రికీ నాకూ పెద్ద తేడా లేదు, నా గోడలు నవ్వుతాయి, అంతే" అని ఒకసారి గ్రూపులో రాశాడు. ఆ రోజు నుంచి అక్కడ అందరికీ మేస్త్రి అయిపోయాడు.

ఆ గ్రూపు పేరు 'పేజీ నంబరు'. ప్రతి గురువారం ప్రతివాళ్ళూ తాము చదువుతున్న పుస్తకం, ఆగిన పేజీ, అక్కడ తమను ఆపిన సంగతి రాయాలి. మొదట్లో అంతకు మించి ఏమీ లేదు. తర్వాత ఒక వారం ఎవరో తమ మతగ్రంథం గురించి రాశారు. ఇంకెవరో వెక్కిరించారు. మూడో రోజుకి నలభై ముగ్గురు గ్రూపు వదిలి వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళు ఒకరినొకరు తీరిగ్గా తిట్టుకోవడానికి వేరే గ్రూపు పెట్టుకున్నారని కూడా తెలిసింది.

మిగిలినవాళ్ళు గ్రూపు బాధ్యత మేస్త్రి నెత్తిన పెట్టారు. అతను రెండు రోజులు ఆలోచించి మూడు నియమాలు రాశాడు.

నమ్మకం గురించి ఎవరైనా ఏమైనా రాయవచ్చు. అది మొదటిది.

రెండోది కాస్త వింతైనది. జవాబు చెప్పదలచుకున్నవాళ్ళు ముందు అవతలి మనిషి మాటను తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ఆ మనిషి చూసి "అదే" అనాలి. "కాదు" అంటే మళ్ళీ మొదలు. "అదే" అనిపించుకునేదాకా సొంత అభిప్రాయం ఒక్క ముక్క కూడా రాయకూడదు.

మూడోది, ఎవరూ ఎవరినీ తమ వైపుకు లాగకూడదు.

రెండో నియమం చూసి చాలామంది విసుక్కున్నారు. కానీ అది పనిచేసింది. "అదే" అనిపించుకునేసరికి కొందరు తాము దేనికోసం పోట్లాటకు దిగారో మరిచిపోయేవాళ్ళు.

ఆ నియమాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నది లెక్కల టీచరు. ఉద్యోగం నుంచి దిగిపోయి పదమూడేళ్ళయినా ఆవిడ ఎర్రసిరా పెన్ను ఇంకా దిగలేదు. మేస్త్రి నాలుగు వాక్యాలు రాస్తే "మూడో వాక్యం నాది కాదు, మీది. మళ్ళీ రాయండి" అనేది. ఆవిడ దగ్గర 'అదే' అనిపించుకోవడమంటే నూటికి నూరు తెచ్చుకోవడమే.

ఆవిడకు దేవుడున్నాడు. అతనికి లేడు. అతను ఏ దెబ్బా తగిలి అలా తయారు కాలేదు. ఎడమచేతివాటం ఎలా వచ్చిందో అదీ అలాగే వచ్చింది. ఏడు నెలలుగా ఇద్దరూ పుస్తకాలు మార్చుకుని చదువుతున్నారు. నెలకొకటి అతను చెప్పింది ఆవిడ, ఆవిడ చెప్పింది అతను. నూట ముప్పై ఎనిమిది మంది ఆ సంభాషణను ధారావాహికలాగా చదివేవాళ్ళు.

ఆ గురువారం ఆవిడ రాసింది ఇది:

"పేజీ 212. పుస్తకం గురించి తర్వాత. సోమవారం నుంచి నేను ప్రార్థన చేయడం మానేశాను. కారణం వచ్చే గురువారం చెబుతాను. అప్పటిదాకా ఎవరూ ఊహాగానాలు చేయవద్దు. ముఖ్యంగా మేస్త్రిగారు."

పక్క బల్ల దగ్గర పాలిష్ చక్రం ఆపి బావమరిది ఫోను చూపించాడు. వాడూ ఆ గ్రూపులోనే ఉన్నాడు, రాయడు గానీ.

"బావా, మీ టీచరమ్మ పార్టీ మార్చేసింది చూడు."

మేస్త్రి చదివాడు. చదువుతుండగా గుండెలో చిన్న సంతోషం కదిలింది. దొంగతనం చేసినవాడు జేబు తడుముకున్నప్పటి సంతోషం లాంటిది. మరుక్షణమే అది చల్లబడిపోయింది.

"గెలిచావుగా, పార్టీ ఇవ్వవా?" అన్నాడు బావమరిది.

"నోరు మూసుకుని ఆ పై సెట్టు అంచు చూడు. గరుగ్గా వదిలేశావు. వేసుకున్నవాడి చిగురు కోసుకుపోతుంది."

నియమం ప్రకారం అతను తిరిగి చెప్పాడు: "టీచరుగారూ, మీరు సోమవారం నుంచి ప్రార్థన చేయడం లేదు. కారణం ఉంది. అది మీ నోటితోనే చెప్పాలని ఉంది. ఇంతేనా?"

సాయంత్రం దాకా జవాబు రాలేదు. శుక్రవారమూ రాలేదు. తర్వాతి గురువారం వచ్చింది, వెళ్ళింది. ఆవిడ పేరు కింద ఏమీ లేదు.

సోమవారం మధ్యాహ్నం ఆవిడ ఖాతా నుంచే మేస్త్రికి ఒక సందేశం వచ్చింది. కానీ అది ఆవిడ రాత కాదు. చుక్కలూ కామాలూ లేవు.

"నేను వాళ్ళ అమ్మాయిని మా అమ్మకి పక్షవాతం వచ్చింది మీ నంబరు ఇవ్వండి"

అతను నంబరు పంపిన అర నిమిషంలో ఫోను మోగింది. వెనకాల ఇంజను చప్పుడు. అది ఆగింది.

"మేస్త్రి అంటే మీరేనా?"

"నేనేనమ్మా. టీచరుగారికి ఎలా..."

"మా అమ్మని ఏం చేశారు మీరు?"

అతను చేతిలోని మైనం బల్ల మీద పెట్టాడు.

ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. అరవైమంది పిల్లల గోల మీదుగా వినబడేలా మాట్లాడటం అలవాటైన గొంతు. ఆ గొంతుతోనే మొత్తం చెప్పింది. మొన్న కాదు, అంతకుముందు శనివారం ఉదయం అమ్మ వంటింట్లో కుర్చీలోంచి ఒరిగిపోయింది. కుడిపక్క చచ్చుబడింది. ప్రాణానికి భయం లేదన్నారు. మాట పోయింది. అర్థం లేని ముక్కలు ఒకటి రెండు మిగిలాయి.

"ప్రార్థన బృందం వాళ్ళు వచ్చారు సార్. నలభై ఏళ్ళుగా అమ్మతో కూర్చున్నవాళ్ళు. వాళ్ళని చూసి గోడవైపు తిరిగిపోయింది. మూడు రోజులు వరసగా. మూడో రోజు ఒకావిడ తల మీద చెయ్యి పెట్టబోతే తోసేసింది. వాళ్ళు బయటికొచ్చి గుసగుసలాడుకున్నారు, ఈవిడ నమ్మకం చెడిందని. నేను కొట్లాడాను వాళ్ళతో. ఇంటికెళ్ళి అమ్మ టాబ్ తెరిచాను. చూస్తే వాళ్ళు చెప్పిందే నిజం."

"అమ్మా, ఆవిడ కారణం చెప్పలేదు."

"కారణం మీరే కదా. ఏడు నెలలది మొత్తం చదివాను నిన్న. అమ్మ ఇలా పడుకుని ఉంది. రేపేదన్నా అయితే దేవుడు లేకుండా పోవాలా? మీరొచ్చి వెనక్కి తీసుకోండి. మీరు చెప్పిందంతా తప్పని, దేవుడున్నాడని, అమ్మ ముందర చెప్పండి. మీ మాట వింటుంది. మా మాట కంటే మీ మాటే వింటోంది కదా ఇన్నాళ్ళూ."

ఆ చివరి వాక్యం దగ్గర ఆమె గొంతు కాస్త తడబడింది.

"రేపు పదకొండింటికి వస్తాను" అన్నాడు మేస్త్రి.

బావమరిది అంతా విన్నాడు. ఆ ల్యాబులో వినకుండా ఉండాలంటే చెవులు ఇంట్లో పెట్టి రావాలి.

"చెప్పెయ్ బావా. ఒక్క అబద్ధం. ముసలావిడ ప్రశాంతంగా ఉంటుంది, ఆ పిల్లా ప్రశాంతంగా ఉంటుంది. నీ సొమ్మేం పోయింది?"

"ఆవిడ లెక్కల టీచరు. తప్పుడు జవాబు దూరం నుంచే కనిపెడుతుంది."

"అయితే నిజం చెప్తావా? నా వల్లే మానేశారు, చాలా సంతోషం అని?"

మేస్త్రి మైనం కత్తి తుడవసాగాడు. బావమరిదికి తెలియని సంగతి ఒకటి ఉంది. ఏడు నెలల్లో అతను ఆవిడకు చెప్పిన ఏడు పుస్తకాలూ ఊరికే ఎంచినవి కావు. మహమ్మారి రోజుల డాక్టరు డైరీ, నక్షత్రాల వయసు గురించి ఒక పుస్తకం, ఒకప్పటి పూజారి రాసుకున్న ఆత్మకథ. ఒక్కొక్కటీ ఒక్కో ఇటుక కదిలిస్తుందని లెక్కేసుకుని, వరస పేర్చి మరీ ఇచ్చాడు. మూడో నియమం రాసినవాడే, ఎవరికీ కనబడకుండా, ఏడు నెలలుగా లాగుతూ ఉన్నాడు.

ఇటుక కదిలిందా? కదిలితే ఆ గోడ ఎవరి మీద పడింది?

*

పునరావాస కేంద్రం మూడో అంతస్తు. నడవలో చక్రాల కుర్చీలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. గోడకు నడుమెత్తున ఒక కర్ర కమ్మీ, దాన్ని పట్టుకుని ఒక పెద్దాయన నడక మళ్ళీ నేర్చుకుంటున్నాడు.

కూతురు గది బయటే కాచుకుని ఉంది. నలభై పైబడిన మనిషి. యూనిఫారం చొక్కా, మెడలో తాళాల గుత్తి.

"ఒకటిన్నరకి డిపోలో ఉండాలి నేను" అంది, నమస్కారానికి బదులుగా. "లోపలికి రండి. నేను చెప్పింది గుర్తుందిగా?"

"గుర్తుందమ్మా."

"చెప్తారా?"

"ముందు ఆవిడని చూడనివ్వండి."

ఏడు నెలలు రోజూ మాట్లాడుకున్న మనిషిని అతను చూడటం అదే మొదటిసారి. అనుకున్నదానికంటే చిన్నగా ఉంది. దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. కిటికీలోంచి పడుతున్న వెలుతురులో కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి.

"అమ్మా, ఎవరొచ్చారో చూడు. మీ మేస్త్రి."

ఆ కళ్ళు ఒక్కసారి వెలిగాయి. వెంటనే ఎడమచెయ్యి పైకి లేచి నోటికి అడ్డం వచ్చింది. తల గోడవైపు తిరిగిపోయింది.

"చూశారా" అంది కూతురు. ఆ గొంతులో బస్సు లేదు ఇప్పుడు. "మిమ్మల్ని చూసినా ఇంతే. ఏంటమ్మా? ఎందుకు కోపం? ఎవరి మీద? ఏం కావాలి నీకు?"

"కాదు" అంది టీచరు గోడతో. మాట గాలిలా వచ్చింది. "కాదు, కాదు."

"ఏం అడిగినా ఇదే. కాదు అంటుంది, లేకపోతే అదే అంటుంది. డాక్టరుగారు అలా ఏవో మాటలు మిగిలిపోతాయి, వాటికి అర్థం వెతక్కండి అన్నారు."

మేస్త్రి ఆ రెండో మాట దగ్గర ఆగిపోయాడు. కానీ అతని కళ్ళు అప్పటికే ఇంకో చోట ఉన్నాయి. చెయ్యి అడ్డం రాకముందు, అర సెకను, అతను ఆ నోరు చూశాడు. ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని ముందు నోరు చూసి తర్వాతే మొహం చూసే అలవాటు. పై పెదవి లోపలికి కుంగిపోయి ఉంది. ఆ కుంగుబాటు పక్షవాతానిది కాదు. రెండువైపులా సమానంగా ఉంది.

"అమ్మా, ఆవిడ పళ్ళ సెట్టు ఏది?"

"ఏంటి?"

"పై సెట్టు. పెట్టుకునేవారు కదా."

కూతురు అయోమయంగా సొరుగు తెరిచింది. "మొదటిరోజు నర్సు తీసిచ్చింది, గొంతుకి అడ్డం పడుతుందని. ఎక్కడో..."

కాగితపు రుమాలులో చుట్టి ఉంది. మేస్త్రి విప్పి చూశాడు. అతని మొహం వాడిపోయింది. ఎండిపోయి, సుద్దముక్కలా ఉంది.

"దీన్ని నీళ్ళల్లో ఉంచాలి తల్లీ. పొడిగా పెడితే పాడైపోతుంది. పది రోజులా? అయ్యో."

అతను సెట్టు తీసుకుని నడవలోకి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. నర్సును పట్టుకుని అడిగాడు. ఆమె రికార్డు తిరగేసింది. మింగడం పరీక్ష నాలుగో రోజే అయింది, బాగానే ఉంది, మెలకువగా కూర్చుని ఉన్నప్పుడు పెట్టుకోవచ్చు. "మరి ఎవరూ అడగలేదండీ" అంది.

ఒక గిన్నెలో నీళ్ళు పోసి సెట్టు వేశాడు. పావుగంట నాననిచ్చాడు. తర్వాత తీసి, అంచుల వెంట బొటనవేలు నడిపించాడు, వెలుతురుకు పట్టుకుని పగులు లేదని చూసుకున్నాడు. కూతురి చేతికిచ్చాడు.

"మీరు పెట్టండి. ఎడమవైపు ముందు ఆనించి, తర్వాత పైకి నొక్కండి. కుడివైపు కాస్త వదులుగా ఉంటుంది, బుగ్గ పట్టు తప్పింది కాబట్టి. నేను కిటికీ దగ్గర నిలబడతాను. చూడను."

కిటికీ బయట పార్కింగు. ఒక పసుపుపచ్చ స్కూలు బస్సు రెండు కార్ల చోటు ఆక్రమించి నిలబడి ఉంది. ఆమె దాంట్లోనే వచ్చేసిందన్నమాట.

వెనకనుంచి చిన్న 'టక్' వినబడింది. ఆ చప్పుడు అతనికి బాగా తెలుసు.

తిరిగి చూస్తే టీచరు అతనికేసి సూటిగా చూస్తోంది. చెయ్యి ఒళ్ళో ఉంది. మొహం కుడివైపు జారి ఉంది గానీ అది ఇప్పుడు ఒక మనిషి మొహం, క్లాసులోకి అడుగుపెట్టబోయే మనిషిది.

మేస్త్రి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"టీచరుగారూ, తిరిగి చెబుతున్నాను. మీరు గోడవైపు తిరిగింది దేవుడి మీద కోపంతో కాదు. బోసినోటితో నలుగురి ముందూ కనబడటం ఇష్టం లేక."

ఆవిడ కళ్ళు మూసి తెరిచింది. "అదే" అంది. ఈసారి మాట గట్టిగా, అంచులతో సహా వచ్చింది.

కూతురు మంచం కమ్మీ పట్టుకుంది. "ఊరికే అంటోంది. దేనికైనా అంటుంది."

"అయితే చూడండి. టీచరుగారూ, మీరు సైన్సు చెప్పేవారు."

"కాదు."

"లెక్కలు చెప్పేవారు."

"అదే." 'ఇంత తేలిక ప్రశ్నా' అన్నట్టు చూసింది.

"ఇది మా గ్రూపు మాటమ్మా" అన్నాడు మేస్త్రి. "మీరు చదివారు కదా. ఆవిడకి ఈ రెండు మాటలూ ఊరికే మిగల్లేదు. మీరేమో ఎందుకు, ఏమిటి, ఎవరు అని అడుగుతున్నారు. వాటికి జవాబు చెప్పాలంటే మాటలు కావాలి. అడగకండి. ఆవిడ మనసులో ఉన్నది ఇదీ అని మీరే చెప్పండి. తప్పయితే దిద్దుతారు."

కూతురు తల్లివైపు చాలాసేపు చూసింది. పెదవులు తడుపుకుంది. బస్సులో అరవైమందిని అదిలించే మనిషి ఒక్క వాక్యం కోసం తంటాలు పడింది.

"అమ్మా... నీకు దేవుడు... నీకు ఇంకా దేవుడున్నాడు."

"అదే."

ఏ తడబాటూ లేదు. కూతురు మంచం అంచున కూలబడి, తల్లి మంచి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, దాని మీద నుదురు ఆనించింది. కొంతసేపటికి తలెత్తి అంది: "మరి ప్రార్థన ఎందుకు మానేశావే? ఆ, అడగకూడదు. మీరు చెప్పండి సార్. మీకు తెలుసేమో."

గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

"ఆరోగ్యం బాగోలేక మానేశారు" అన్నాడు మేస్త్రి.

"కాదు."

"నేనిచ్చిన పుస్తకాలు చదివి సందేహం వచ్చింది."

"కాదు." కాస్త విసుగు కూడా కలిసింది అందులో.

అతని భుజాల మీద నుంచి ఏదో దిగబోయింది. దిగకముందే ఆపుకున్నాడు. ఎందుకంటే ఇంకొక వాక్యం ఉంది, అది చెప్పి తీరాలి.

"నా వల్ల మానేశారు."

"అదే."

కూతురి తల గిరుక్కున తిరిగింది. "చూశారా? చెప్పానా?"

"పుస్తకాల వల్ల కాదు. నా మాటల వల్లా?"

"కాదు."

"కానీ నా వల్లే."

"అదే, అదే." ఎడమచెయ్యి దుప్పటి మీద తట్టింది. త్వరగా కానివ్వమన్నట్టు.

మేస్త్రికి దారి మూసుకుపోయింది. పుస్తకాలు కాదు, మాటలు కాదు. ఆవిడకూ తనకూ మధ్య ఆ రెండూ తప్ప ఏమున్నాయి? ఆవిడ కళ్ళు అతన్ని వదలడం లేదు. చివరి బెంచీవాడు బోర్డు దగ్గర ఇరుక్కుపోయినప్పుడు టీచర్లు చూసే చూపు. కోపం లేదు. వాడికి జవాబు తెలుసని ఆవిడకు తెలుసు, అంతే.

అప్పుడు అతను ఎవరికీ చెప్పని ఆ సంగతి బయటపెట్టాడు. ఉపాయంగా కాదు. ఆ చూపు ముందు దాచుకోవడం కష్టమనిపించి.

"టీచరుగారూ, నేనొకటి చెప్పాలి. మూడో నియమం నేను తప్పాను. ఆ ఏడు పుస్తకాలూ ఊరికే ఇవ్వలేదు. మిమ్మల్ని అటునుంచి ఇటు లాగుదామనే, వరస కట్టి ఇచ్చాను. మర్యాదగా మాట్లాడుతూనే చేశాను ఆ పని. బైట పోట్లాడినవాళ్ళ కంటే నాదే ఎక్కువ తప్పు."

ఆవిడ మొహంలో ఎడమసగం నవ్వింది. మంచి చెయ్యి గాలిలో అతనికేసి వేలు చూపించింది.

"మీకు ముందే తెలుసు" అన్నాడు అతను, చిన్నబోయి.

"అదే."

"ఎన్నో పుస్తకానికి? రెండో... అడగకూడదు. రెండో పుస్తకానికే తెలిసిపోయింది."

"కాదు." ఒక వేలు పైకెత్తింది.

కూతురు ఫక్కున నవ్వేసి నోరు నొక్కుకుంది. "మా అమ్మతో పెట్టుకున్నారు సార్ మీరు. నేను ఏడో తరగతిలో సినిమాకెళ్తే చెప్పుల దుమ్ము చూసి హాలు పేరు చెప్పింది."

కానీ ఆ ఎత్తిన వేలు దిగలేదు. మెల్లగా వెనక్కి తిరిగి టీచరు గుండె మీద ఆనింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

మేస్త్రి ముందుకు వంగాడు. "మీరు కూడా."

"అదే."

"మీరు కూడా మూడో నియమం తప్పారు."

"అదే." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆవిడకు.

"కుదరదు టీచరుగారూ. మీరిచ్చిన పుస్తకాలు నాకు గుర్తున్నాయి. లైట్‌హౌసు కాపలాదారు కథ, వంతెనలు కట్టిన ఇంజనీరు జ్ఞాపకాలు. ఒక్కదాంట్లో కూడా నన్ను మార్చే మాట లేదు. మీరెప్పుడు లాగారు నన్ను?"

ఆవిడ కూతురివైపు చూసింది. సాయం అడుగుతున్నట్టుగా.

కూతురు నవ్వు ఆపింది. ఆలోచిస్తూ మెడలో తాళాలు తిప్పింది.

"అమ్మ ప్రార్థనలో ఒక జాబితా ఉంటుంది సార్" అంది నెమ్మదిగా. "పొద్దున్నే కుర్చీలో కూర్చుని పైకే చదువుతుంది. తమ్ముడి నడుంనొప్పి, నా బస్సు బ్రేకులు, పక్కింటివాళ్ళ పాప చదువు. ఈ మధ్య చివర్లో ఒకటి కలిసింది. అది మాత్రం పైకి అనేది కాదు. పెదాలు కదిలేవి అంతే. నేను అడిగితే నీకెందుకే అనేది." తల్లికేసి తిరిగింది. "అమ్మా, ఆ చివరిది ఈయన కోసం. ఈయన దేవుణ్ణి నమ్మాలని మొక్కుకునేదానివి."

టీచరు కళ్ళు మూసుకుంది. "అదే" అంది, చాలా చిన్నగా.

ఇక మిగతాది మేస్త్రికి ఎవరూ దారి చూపించకుండానే కనబడింది. చెబుతూ పోయాడు, ఒక్కో మెట్టూ ఆవిడ మొహంలో చూసుకుంటూ.

"గ్రూపులో నన్ను లాగనని మాటిచ్చారు. ఇంట్లో కుర్చీలో కూర్చుని రోజూ లాగుతున్నారు. నాకు తెలియకుండా. అది మోసమనిపించింది."

"అదే."

"ఆ ఒక్క మొక్కు తీసేద్దామనుకున్నారు. కళ్ళు మూసుకుంటే అదే ముందుకొచ్చింది."

"అదే."

"అందుకని మొత్తం ఆపేశారు. గురువారం నాతో ఒప్పుకుని, లెక్క సరిచేసుకుని, మళ్ళీ మొదలుపెడదామని."

"అదే" అంది టీచరు. తల దిండు మీదికి వాల్చి, పొడుగ్గా ఊపిరి వదిలింది. పది రోజులుగా ఆ గదిలో ఎవరూ వినని ఊపిరి అది.

కూతురు కళ్ళు తుడుచుకుని మేస్త్రివైపు చూసింది. "నేను మిమ్మల్ని ఏవేవో అన్నాను."

"సగం నిజమే అన్నారు. నేను లాగాను కదా."

అతను మళ్ళీ టీచరువైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. "అయితే ఇప్పుడు నా సొంత మాట రాయొచ్చు కదా, 'అదే' అన్నారు కాబట్టి. నా కోసం మీరు ఏం మొక్కుకున్నా నాకు అభ్యంతరం లేదు. నాకు నష్టం లేదు. మళ్ళీ మొదలుపెట్టండి, అది కూడా కలుపుకునే."

"కాదు."

"నేనే అనుమతి ఇస్తున్నాను కదండీ."

"కాదు." కనుబొమ్మ ముడిపడింది. నియమం అంటే నియమం. దాన్ని రాసినవాడు పక్కకు జరిపినా ఆవిడ జరపదు.

"సరే. నేను కూడా ఇక లాగను. ఈసారి మీకు ఊరికే, బావుందని మాత్రమే ఒక పుస్తకం తెస్తాను. నేనే చదివి వినిపిస్తాను, మీ కళ్ళు అలిసిపోకుండా."

"అదే."

ఒంటిగంట అయింది. కూతురు గడియారం చూసుకుంది.

"వెళ్ళేముందు అమ్మతో కలిసి ప్రార్థన చేసుకుంటాను సార్. చాలా రోజులైంది ఇద్దరం కలిసి చేసి." కాస్త మొహమాటపడింది. "మీకు ఇబ్బందేమో. నడవలో కుర్చీలున్నాయి."

మేస్త్రి లేవబోయాడు. చొక్కా చెయ్యి దగ్గర పట్టు తగిలింది. టీచరు ఎడమచెయ్యి. బలం తక్కువే గానీ వదిలించుకునే పట్టు కాదు అది.

"నేను కళ్ళు మూసుకోను మరి" అన్నాడు. "మూసుకుంటే అబద్ధమవుతుంది."

"అదే" అంది ఆవిడ.

అతను కూర్చున్నాడు. తల్లీకూతుళ్ళిద్దరూ కళ్ళు మూసుకున్నారు. కూతురు మొదలుపెట్టింది. ముందు తల్లి చెయ్యి, కాలు, మాట. తర్వాత తమ్ముడి నడుం. బస్సు బ్రేకులు. పక్కింటి పాప. ఆమె గొంతు ఇప్పుడు వంటింట్లో ఒకరితోనే మాట్లాడుతున్నంత మెత్తగా ఉంది. తల్లి జాబితా కూతురికి కంఠతా వచ్చని తల్లికి ఆ రోజే తెలిసినట్టుంది. పెదాల ఎడమకొస వణికింది.

"ఇంకా ఈ అన్నగారు" అంది కూతురు. "ఇవాళ మా అమ్మని మాకు తిరిగి ఇచ్చారు. ఆయన మనసు నువ్వే మార్చి..."

"కాదు" అంది టీచరు, కళ్ళు తెరవకుండానే.

కూతురు ఆగింది. ఒక కన్ను తెరిచి తల్లిని చూసింది, తర్వాత మేస్త్రిని చూసింది. అతను నవ్వు ఆపుకోవడానికి కిటికీవైపు చూస్తున్నాడు. ఆమె కన్ను మూసుకుని, కాసేపు వెతుక్కుని, మళ్ళీ మొదలుపెట్టింది.

"ఈ అన్నగారు ఇవాళ క్షేమంగా ఇంటికి చేరాలి. పని చేసే ఆయన చేతులకి నువ్వు తోడుగా ఉండాలి."

"అదే" అంది టీచరు.

ప్రార్థన అతను అనుకున్నదానికంటే పొడుగ్గా సాగింది. డిపోకి ఆలస్యమవుతుందని ఒకసారి గుర్తు చేద్దామనుకుని, మానేశాడు. చొక్కా చెయ్యి ఇంకా ఆవిడ పట్టులోనే ఉంది.